బండికి పెద్ద లైట్లు

సెప్టెంబరు 18, ఆదివారం

మహిపాలూ, ఒంట్లో బాగుందా? రాత్రంతా బండి తోలి వచ్చి, పొద్దంతా మన ఇంటి వెనక పండ్ల మార్కెట్ లొల్లిలో పడుకుంటావు. ఆ నిద్ర నీకు ఆనుతుందా? కోడలా స్వప్నా, నడుము ఎట్లా ఉంది? మిషను మీద అంతసేపు వంగి కుట్టొద్దంటే వినవు. గీతా, నా తల్లీ, దగ్గు తగ్గిందా? కాలేజీ బందు పెట్టారని ఊరేగింపుల వెంట తిరగకు. దశరథా, నీ అక్కను చూడటానికి వచ్చినప్పుడల్లా కడుపు పట్టుకుంటావు, దాబాల్లో కారం తినడం మానవా? అంతయ్యా, తమ్ముడా, ఊళ్ళో ఎట్లా ఉన్నావు? కర్ర లేకుండా గడప దాటకు.

నేను బాగానే ఉన్నాను. గుండె దడ ఉంది, అది ఎప్పుడూ ఉండేదే.

నాకు ఉత్తరం రాయడం ఒక్కటే వచ్చు. అందుకే ఇది కూడా ఉత్తరంలాగే మొదలైంది. చదివింది మూడో తరగతి. ఈ డైరీ మనవరాలు గీత ఇచ్చింది. "నానమ్మా, నీ భయాలన్ని దీనికి చెప్పుకో. మేం జర నిమ్మళంగ ఉంటం" అంది. నవ్వుతూనే అంది. కొడుకూ కోడలూ మనవరాలూ గోడకు అవతలే ఉన్నారు. ఎదురుగా నిలబడి బాగున్నారా అని అడిగితే, "మంచిగనే ఉన్నం, నువ్వు ఊకో" అంటారు. ఇక్కడైతే ఊకో అనేవాళ్ళు లేరు.

అంతయ్యకు కళ్ళు పోయి చాలా ఏళ్ళయింది. వరికి మందు కొట్టి కొట్టి పోయాయి. మా ఇంట్లో అందరం అట్లాగే చెబుతాం.

రేపటి నుంచి ఆర్టీసీ వాళ్ళు కూడా తెలంగాణ సమ్మెలోకి వస్తారట. బస్సులు ఉండవు. మహిపాల్ క్వాలిస్‌కు కిరాయిలు బాగా దొరుకుతాయని స్వప్న సంబరపడుతోంది. తెలంగాణ రావాలి, నేను కాదనను. కానీ బస్సులు లేని రోడ్డు తలచుకుంటే నాకెందుకో బాగా అనిపించడం లేదు.

సెప్టెంబరు 20, మంగళవారం

ఎల్బీ నగర్ చౌరస్తాలో జనం జాతరలాగా ఉన్నారు. పొద్దంతా రోడ్ల మీద వంటలు చేసుకుంటూ, పాటలు పాడుతూ కూర్చుంటున్నారు. ఒక్క బండిని కదలనివ్వరు. పొద్దుగూకాక లేస్తారు. అప్పుడు ఆ జనమంతా దొరికిన బండి ఎక్కి నల్లగొండకో సూర్యాపేటకో పోవాలి. మహిపాల్ బండి సీట్లు నిండి, పైన కూడా కూర్చుంటున్నారు.

నిన్న రాత్రి పోయి, పొద్దున మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"రోడ్డు కనబడుతలేదమ్మా. గుడ్డి లైట్లు. మార్పియ్యాలె" అన్నాడు.

ఇదే బండి, ఇవే లైట్లు, మొన్నటి దాకా ఏమీ అనలేదు. వీధి దీపాలకు కరెంటు లేదు కదా, అందుకే అయి ఉంటుంది.

చౌరస్తా తగలకుండా సందుల్లోంచి బండి తీశాడు, నేనూ వెంట వెళ్ళాను. మా ఎదురింటి సారమ్మ కొడుకు శాంసన్‌కు ఎల్బీ నగర్‌లో బండ్ల కరెంటు పని చేసే షాపు ఉంది. బానెట్ ఎత్తి పాత బల్బులు పీకి, మా ముందు పెట్టాడు.

"ఇవి మంచిగనే ఉన్నయి గదన్నా."

"మంచిగ లేవు. పెద్దవి ఎయ్యి."

"పెద్దవే ఏస్త. ఉత్త బల్బు మారిస్తే స్విచ్చు కాలిపోతది, రిలే పెట్టి బ్యాటరీకెళ్ళి వేరే వైరు గుంజుత. పెద్దమ్మా, హైబీమ్ కొట్టిండంటే సూర్యాపేటల కోళ్ళు తెల్లారిందని కూస్తయి చూడు."

నేను నవ్వాను. మహిపాల్ నవ్వలేదు. శాంసన్ వైరు చుడుతూ మళ్ళీ చెప్పాడు, "కని అన్నా, ఎదురుంగ బండొస్తే డిప్పర్ కొట్టి లైటు కిందికి దించాలె. లేకుంటే ఎదుటోనికి కండ్లల్ల మంట పెట్టినట్టే." మహిపాల్ సరే అనలేదు. వినలేదేమో.

అక్కడి నుంచి కర్మన్‌ఘాట్ హనుమంతుడి దగ్గరికి పోయి బండికి పూజ చేయించాం. అయ్యగారు నూనెలో కలిపిన సిందూరం బానెట్ మీద పెట్టాడు. రెండు లైట్ల అద్దాల మీద కూడా పెట్టమని నేనే అడిగాను. మందంగా పెట్టాడు. నాకు ధైర్యం వచ్చింది.

సెప్టెంబరు 21

తెల్లారినాక వచ్చాడు. వచ్చాడు, చాలు.

సెప్టెంబరు 22, గురువారం

ఇంకా మసకగానే ఉందట.

"సిందూరం అడ్డం పడుతున్నదమ్మా. దేవునిది, ఎట్ల తుడుస్త?" అన్నాడు.

నిజమే. పెట్టమన్నది నేను కదా. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక గుడ్డ, కాస్త కిరసనాయిలు పట్టుకుని బయటకు పోయాను. హనుమంతుడికి దండం పెట్టుకున్నాను. తండ్రీ, నీ మీద కోపంతో కాదు, వాడికి దారి కనబడాలని, అని చెప్పాను. వేడికి ఎండి అట్ట కట్టింది. గోరుతో గీకి గీకి తీశాను. మంచినీళ్ళతో కడిగి చీర కొంగుతో తుడిచాను. అద్దంలో నా మొహం కనిపించింది.

సాయంత్రం బండి తీసేటప్పుడు లైట్లు వేశాడు. ఎదురింటి గోడ సున్నం మీద పగుళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. సారమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని బయటకు వచ్చింది.

"ఓ మహిపాల్, ప్రభువు గిట్ల వస్తున్నడా ఏంది, గింత ఎలుగు!"

అందరం నవ్వాం. మహిపాల్ మాత్రం ముందుకు వంగి, స్టీరింగు మీద గడ్డం ఆనించి, ఆ గోడను చూస్తూ ఉన్నాడు.

"ఇప్పుడు మంచిగున్నదారా?"

"జర నయం."

జర అంటే ఏమిటి?

సెప్టెంబరు 23

మసకగానే ఉందట. దేవుడిది తుడిచినందుకు.

సెప్టెంబరు 24, శనివారం

నిన్న బంపరుకు ఇంకో రెండు లైట్లు పెట్టించాడు. ఒక్కోటి అన్నం గిన్నె అంత ఉంది. శాంసన్ వద్దన్నాడట, వినలేదట.

పొద్దున వచ్చేసరికి చొక్కా కాలరు చిరిగి, మూతి వాచి ఉంది. స్వప్న పసుపు అద్దుతుంటే చెప్పాడు. చౌటుప్పల్ దాటాక ఎదురుగా వచ్చిన లారీ వాడు లైట్లు కొట్టి కొట్టి, ఆఖరికి లారీని రోడ్డుకు అడ్డంగా ఆపి దిగాడట. దిగి, కిటికీలోంచి చెయ్యి పెట్టి కాలరు పట్టుకున్నాడట.

"ఏమన్నడు?" అని అడిగింది స్వప్న.

"డిప్పర్ ఎందుకు కొట్టవురా, నీ లైట్లకు రోడ్డు కనబడక చిన్న మోరీ కాడ గుంతల పడబోయి తప్పించుకున్నం అన్నడు."

"మరి కొట్టద్దా నువ్వు?"

"కొడితే నాకు కనబడద్దా?"

స్వప్న పసుపు గిన్నె కింద పెట్టి, "నీకేనా కండ్లు, ఎదురొచ్చెటోనికి లేవా" అని విసురుగా లోపలికి పోయింది. దానికి అది మామూలు మాట. నేను అక్కడే కూర్చుండిపోయాను. లైటు దించితే దగ్గరి రోడ్డు కనబడాలి కదా. నాలుగు లైట్లు. నాకు బండ్ల సంగతి తెలియదు.

సెప్టెంబరు 25, ఆదివారం

దశరథ వచ్చాడు. స్వప్న తమ్ముడు, డీసీఎం లారీ నడుపుతాడు. నల్లగొండ తోటల నుంచి బత్తాయి ఎత్తుకుని మా వెనకాల మార్కెట్‌లో దించుతాడు. పండ్ల బండ్లను మాత్రం పోనిస్తున్నారట. కోడికూర వండాం. బావామరుదులు పక్కపక్కన కూర్చున్నారు.

"బస్సులు బందయి మాకు మంచిగైంది గని, బావకే కష్టమొచ్చె" అన్నాడు దశరథ.

"ఏం కష్టంరా?" అన్నాను.

"ఇగ ఎవని తోక వట్టుకుంటడు?"

మహిపాల్ ముద్ద నోట్లో పెట్టుకుని, "తిను" అన్నాడు.

"నీకు తెల్వదా అత్తమ్మా? నీ కొడుకు ఎల్బీ నగర్ల సీట్లన్ని నిండినా కదలడు. సూర్యాపేట నైట్ బస్సు కోసం చూస్తడు. అది కదిలిందంటే దాని ఎనక ఎర్ర లైట్లు చూసుకుంట పోతడు. అది ఆగితే ఆగుతడు, అది తిరిగితే తిరుగుతడు. ఓవర్‌టేక్ చేసుడన్నదే లేదు. మా డ్రైవర్లందరం బస్సు దూడ అంటం. ఇప్పుడు ఆవు సమ్మెల వడ్డది, దూడ పరేషానైతున్నది!"

గీత పడీ పడీ నవ్వింది. స్వప్న కూడా నవ్వుతూ, "నిమ్మళంగ పోతడు, నీ లెక్క ఎగిరి పడతడా" అని తమ్ముడి విస్తట్లో ఇంకో ముక్క వేసింది.

మహిపాల్ చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. విస్తట్లో సగం అన్నం ఉంది.

సెప్టెంబరు 26

దశరథ ఎప్పుడూ అట్లాగే వాగుతాడు. బావామరుదుల మాటలు పట్టించుకోకూడదు. బస్సు వెనక పోవడం మంచిదే. జాగ్రత్త గల మనిషి పోతాడు.

సెప్టెంబరు 27, మంగళవారం

ఎంగిలిపూల బతుకమ్మ. గీత పొద్దున్నుంచి గునుగు పూలకు రంగులు అద్ది, తంగేడుతో కలిపి తాంబాళంలో పరిచి, ఆరాలని గడప లోపల పక్కగా పెట్టింది. ఇంకా పొద్దు ఉంది. ఎదురింటి అరుగు మీద సారమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, అంత వెలుతురు.

మహిపాల్ బయటి నుంచి వచ్చాడు. గడప దాటాడు. తాంబాళంలో కాలు పెట్టాడు. తగలగానే వెనక్కి తీయలేదు. రెండో కాలు కూడా పెట్టాడు.

"నాన్నా! కండ్లు కనబడుతలేవా?" అని గీత అరిచింది. ఎవరైనా అట్లాగే అరుస్తారు.

"ఫోను చూస్కుంట వచ్చిన బిడ్డా" అన్నాడు.

పూలు మళ్ళీ ఏరి, నలిగినవి తీసేసి, చిన్న బతుకమ్మను పేర్చింది. తల్లీ కూతుళ్ళు ఆడుకోవడానికి పోయారు. నేను పోలేదు, మోకాళ్ళు నొప్పి అని చెప్పాను. అమావాస్య. బండి మీద పోవద్దు ఈ ఒక్క రోజు అన్నాను. పోయాడు.

సెప్టెంబరు 28

ఫోను ఫ్రిజ్ మీద చార్జింగులో ఉంది. నిన్న పూలు తొక్కినప్పుడు కూడా వాడి ఫోను ఫ్రిజ్ మీదే ఉంది.

సెప్టెంబరు 29, గురువారం

మొదట సందెవేళ తడబడేవాడు అంతయ్య. పశువుల వెనక వచ్చేవాడు, వాటి మెడ గంటలు వింటూ. తర్వాత పక్కన పెట్టిన చెంబు కనిపించేది కాదు, ఎదురుగా ఉన్నది కనిపించేది. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందక్కా అనేవాడు. తర్వాత అదీ పోయింది. అప్పటికి మా పొలంలో ఎవరూ మందు కొట్టడం మొదలుపెట్టలేదు.

ఇవాళ స్వప్న బ్లౌజులు ఇవ్వడానికి దిల్‌సుఖ్‌నగర్ పోయింది. మహిపాల్ బండి అద్దాలు తుడుస్తున్నాడు. దగ్గరికి పోయాను.

"నీకు సందెకాడ కనబడుతలేదు గదరా."

"ఎవలు చెప్పిన్రు? దశరథగాడా?"

"ఎవలు చెప్పుడేంది. పూలల్ల కాలు పెట్టినవు."

తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

"ఇన్నేండ్ల సంది నడుపుతున్న. ఎవన్నన్న గుద్దిన్నా అమ్మా?"

"బస్సు ఎనక నడిపినవు."

"బస్సులు మళ్ళ వస్తయి. సమ్మె అయిపోనియ్యి. తెలంగాణ వస్తది, బస్సులు వస్తయి."

"అందాక?"

"అందాక లైట్లున్నయి గద."

కంటి దవాఖానకు పోదాం రమ్మన్నాను. అప్పుడు గుడ్డ బానెట్ మీద పడేసి నా వైపు తిరిగాడు. సూటిగా నా మొహంలోకే చూశాడు, ఎదురుగా ఉన్నాను కదా.

"పోతే రాసిస్తరు. రాసిస్తే లైసెన్సు పోతది. నాకు వేరే ఏం పని వచ్చు? గీత చదువు ఎవడు చదివిస్తడు, నీ గుండె గోలీలు ఎవడు తెస్తడు?"

"మీ మామకు గిట్లనే మొదలైంది."

"మామకు మందు కొట్టి పోయినయి. మీరే గద చెప్పేది."

వాడు నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకున్నాడు. "స్వప్నకు చెప్పనని, గీతకు చెప్పనని, ఎవలకు చెప్పనని నా మీద ఒట్టెయ్యి." చెయ్యి గుంజుకుందామనుకున్నాను. గట్టిగా పట్టుకున్నాడు. జుట్టు తడిగా ఉంది. ఒట్టు అన్నాను.

సాయంత్రం సారమ్మను అడిగాను, మీ దాంట్లో ఒట్లు ఉంటాయా అని.

"మాకు ఒట్టు పెట్టుకోవద్దనే ఉన్నదక్కా. ఏమైంది?"

"ఏం లేదు."

మాకు ఉన్నాయి. కన్నకొడుకు నెత్తి మీద వేసిన ఒట్టు తప్పితే అది వాడికే తగులుతుంది. తప్పకపోతే ఆ బండిలో ఎక్కినవాళ్ళందరికీ. పైన కూడా కూర్చుంటున్నారు.

సెప్టెంబరు 30, శుక్రవారం

ఉపాయం దొరికింది. నేను చెప్పకూడదు. అంతయ్య చెప్పొచ్చు. వాడి మీద ఒట్టు లేదు.

మేడ మీదికి పోయి ఫోను చేశాను.

"తమ్మీ, దసరాకు మా ఇంటికి రా. మహిపాల్ ముందర కూసోని, నీకు ఎట్ల మొదలైందో చెప్పాలె."

కోళ్ళ చప్పుడు వినిపించింది.

"మందు కొట్టుడుతోని అని చెప్పాల్నా అక్కా, ఉన్నది చెప్పాల్నా?"

"ఉన్నది చెప్పు."

"అంటే వానికి గూడనా?"

నేను ఏడ్చాను. వాడు ఏడవలేదు. "బండి ఆపియ్యి ముందుగాల" అన్నాడు. "నేనొచ్చి చెప్త. నా చెయ్యి వట్టుకొని ఊరంత తిరిగినోడు, నా మాట ఇంటడు."

దశరథ బత్తాయి కోసం అటే పోతాడు. డీసీఎంలో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పగలే తీసుకొస్తాడు. ఈ ఆలోచన నాకు ఎట్లా వచ్చిందో తెలియదు, దేవుడే ఇచ్చాడు. ఇవాళ అన్నం తిన్నాను.

అక్టోబరు 1, శనివారం

దశరథ పోవడం లేదు. పండుగ అయ్యేదాకా తోటలో కోత లేదట. డీసీఎం షెడ్డులో పెట్టేశాడు.

అంతయ్య వస్తున్నాడని స్వప్నకు ముందే చెప్పాను, అదే నేను చేసిన పొరపాటు. అది సంతోషంతో మొగుడికి చెప్పింది. మహిపాల్ అన్నం ముందు కూర్చుని నన్ను చూశాడు. అర్థం చేసుకున్నాడు. చిన్నప్పటి నుంచి వాడికి తెలివి ఎక్కువే.

"మామను నేనే తోలుకొస్త" అన్నాడు.

"వద్దు. బస్సులు మొదలైనంక వస్తడు తియ్యి" అన్నాను.

"ఎందుకు వద్దు? పొద్దంత పోనియ్యరు, పొద్దుగూకినంక పోతం. రాతిరికి రాతిరే తెచ్చి నీ ముందర దించుత. అప్పుడన్న నమ్ముతవు గద."

"ఏంది నమ్ముడు?" అంది స్వప్న.

"లైట్ల మీద అమ్మకు నమ్మకం లేదు" అన్నాడు.

స్వప్న నవ్వి, "ఎన్నేండ్లాయె మామయ్యను చూడక. నేను గూడ వస్త. అందరం పోదాం" అంది. గీత ఎగిరి, "నానమ్మా, సద్దుల బతుకమ్మకు ఊర్ల గునుగు పూలు కోసుకొద్దాం, ఇక్కడ పిరమున్నయి, నాన్న తొక్కేస్తడు" అంది. ముగ్గురూ నవ్వారు.

నోరు తెరిచాను. నెత్తి మీద చెయ్యి గుర్తొచ్చింది. "నేను గూడ వస్త" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. "ముందట నేను కూసుంట."

"కూసో" అన్నాడు మహిపాల్. గొంతు మెత్తగా ఉంది. "రోడ్డు చూసుకుంట ముచ్చట చెప్పు."

పక్కన కూర్చుని, ఎవరికీ అనుమానం రాకుండా వాడికి దారి చెబుతాను. ఎడమ అంటాను, బండి వస్తుంది అంటాను, మనిషి అంటాను. దూరానివి నాకు బాగానే కనబడతాయి. చీకట్లో ఎప్పుడూ చూసుకోలేదు గానీ కనబడతాయి. స్వప్నకు రేపు చెప్పేస్తాను. ఒట్టు తప్పించుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, కర్మన్‌ఘాట్ అయ్యగారిని అడుగుతాను. రేపు పొద్దున్నే పోతాను.

అంతయ్యకు రావద్దని చెబుదామని ఫోను చేశాను. మాట మొదలుపెట్టేలోపే మహిపాల్ నా చేతిలోంచి తీసుకున్నాడు. ఇంట్లో అందరికీ వినబడేట్టు స్పీకరు పెట్టాడు.

"మామా, మేమే వస్తున్నం. ఇంటిల్లిపాది."

"పొద్దుగూకినంక రోడ్డెక్కకు బిడ్డా." అన్నాడు అంతయ్య. "నేను పండుగకు రాకుంటే ఏం కాదు. మీ అమ్మకు ఫోనియ్యి."

"లైట్లు ఏపించిన మామా. పట్టపగలు లెక్క పడతది రోడ్డు. సోమవారం, అక్టోబరు మూడో తారీఖు. దీపాలు పెట్టే యాళ్ళకు ఇక్కడికెళ్ళి కదులుతం. తయారుగ ఉండు."